వస్తా అన్నందుకు

మస్సావా రేవు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. రెండువేల ఒకటి, మే నెల. ఆ తెల్లవారుజామున అస్మారాలో విమానం దిగినప్పుడు అందరం స్వెట్టర్లు వేసుకున్నాం. అక్కడి నుంచి బస్సులో మూడున్నర గంటలు. ఏడు వేల అడుగుల పైనుంచి సముద్రం దాకా దిగుడే దిగుడు. రేవులో బనియను కూడా బరువైంది. ఇనుప కమ్మీ మీద చెయ్యి పెట్టాను, పెట్టిన వేగంతోనే తీశాను.

ఆ దేశం పేరు ఎరిత్రియా. ఎర్ర సముద్రం ఒడ్డున సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పక్కనున్న ఇథియోపియాతో రెండేళ్ళు యుద్ధం చేసి రెండూ అలసిపోయాయి. సరిహద్దు ఎక్కడో తేలేదాకా మధ్యలో పాతిక కిలోమీటర్ల పట్టీ సైన్యం లేకుండా ఉంచుదామని ఒప్పుకున్నాయి. ఆ పట్టీకి కాపలాగా చాలా దేశాల సైనికులం నీలి టోపీలు పెట్టుకుని వెళ్ళాం. నేను డ్రైవర్ని. నా బండి నీళ్ళ ట్యాంకరు, ఐదు వేల లీటర్లది. మాకంటే ముందే ఓడలో వచ్చి రేవులో నిలబడి ఉంది. ఒళ్ళంతా తెల్ల రంగు వేశారు. పెళ్ళికొడుకులా ఉంది.

నా సామాను: ఛాతీ కవచం ఒకటి, నీలి హెల్మెట్టు ఒకటి, నీళ్ళ సీసాలు రెండు, గాయం పట్టీ ఒకటి, నాకు సగమే అర్థమయ్యే మ్యాపు ఒకటి.

పక్క సీట్లో రేడియో ఆపరేటరు. అతనిది హైదరాబాదు పక్కన శామీర్‌పేట, నాది అత్వెల్లి. మధ్యలో సైకిల్ మీద గంట దూరం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒకరి ముఖం ఒకరం చూడలేదు, చూసుకోవడానికి సముద్రం దాటాల్సి వచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్న. అన్నా అని పిలిచేవాడు.

“ఏందన్నా, గిది సముద్రమా, పొయ్యి మీది ఎసరా?” అన్నాడు ఒడ్డున నిలబడి.

“బియ్యం పోసి సూడు, ఎర్కయితది,” అన్నాను.

మాకోసం అక్కడ ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. సన్నగా, గోధుమరంగు కోటులో, యాభై దాటిన వయసు. మా కంపెనీకి ఇచ్చిన దుబాసీ. అంతకుముందు బడిలో చరిత్ర చెప్పే పంతులు. చిన్నప్పుడు ఆయనకు లెక్కలు చెప్పింది మన దేశపు మాస్టారట, కొంత హిందీ అక్కడే వచ్చింది. మిగిలిన హిందీ సినిమా హాళ్ళలో నేర్చుకున్నాడు. మాతో హిందీలోనే మాట్లాడేవాడు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రేవు పక్కన గోపురం కూలిన పాత మేడ చూపించాడు. “ఈ ఒడ్డుకు ఎంతమంది యజమానులో చెప్పనా? పేరుకు టర్కీ సుల్తానుది. కూర్చున్నది ఈజిప్టు వాళ్ళు. నాది అన్నది ఇథియోపియా రాజు. 1869లో ఇటలీ ఓడల కంపెనీ ఒకటి, ఇక్కడికి దక్షిణాన అస్సబ్ అనేచోట తీరం ముక్క కొన్నది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఈ రేవు నుంచి నీ సరుకు నిరభ్యంతరంగా పోతుందని ఇథియోపియా రాజుకు కాగితం రాసిచ్చారు. ఆ సిరా ఆరకముందే ఇటలీ వాళ్ళకు సైగ చేశారు. 1885లో ఇటలీ సైన్యం ఇక్కడ దిగింది. కొన్నాళ్ళు ఈజిప్టు జెండా, ఇటలీ జెండా పక్కపక్కనే ఎగిరాయి.”

“ఇక్కడోళ్ళను అడిగిన్రా?” అని రేడియోవాడు నన్ను అడగమన్నాడు. అడిగాను.

దుబాసీ నవ్వాడు. “మమ్మల్ని అడగాలని ఎవరికీ తోచలేదు భాయీ.”

“అంటే మన మేడ్చల్ రోడ్డు మీద ప్లాట్లమ్మినట్టే,” అన్నాడు రేడియోవాడు. “అమ్మినోనిది గాదు, కొన్నోనిది గాదు. నడిమిట్ల సైగ జేసినోడు బాగుపడ్డడు.”

ఇది హిందీలో చెబితే దుబాసీ గోడకు ఆనుకుని నవ్వాడు. ఆరోజు నుంచి మా ఇద్దరికీ ఆయన చుట్టమయ్యాడు.

*

క్యాంపు మళ్ళీ కొండల మీద, ఏడు వేల ఎనిమిది వందల అడుగుల ఎత్తులో. పగలు ఎండ, రాత్రి రెండు కంబళ్ళు. చుట్టూ రాతి గుట్టలు, వాటి మీద నాగజెముడు పొదలు. ఆ పండ్లను అక్కడివాళ్ళు ముళ్ళు తీసి తింటారు. మేమూ తిన్నాం. మొదటిసారి ముళ్ళు సరిగ్గా తీయక రేడియోవాడు రెండు రోజులు రేడియోలో మూగగా ఉన్నాడు.

నా డ్యూటీ ఇది. ఐదు గంటల పది నిమిషాలకు ఇంజన్ స్టార్టు. ఆరు నలభైకి బోరు దగ్గర. నింపడానికి ముప్పై ఐదు నిమిషాలు. తర్వాత మూడు ఊళ్ళు. చివరి ఊరు అడి సగ్ల, తొమ్మిదింబావుకు. మంగళవారం, శుక్రవారం. వేగం గంటకు ఇరవై. దారికి రెండు పక్కలా రాళ్ళు పేర్చి ఉంటాయి. తెల్ల రాయి అంటే పోవచ్చు, ఎర్ర రాయి అంటే కింద మందుపాతర ఉంది. ఆర్డర్లు నాలుగు: చక్రం దారి దిగకూడదు, హెల్మెట్టు తీయకూడదు, రేడియో కట్టేయకూడదు, ఊరివాళ్ళను బండి ఎక్కించకూడదు.

అడి సగ్లలో బండి ఆపే చోటు ఎదురుగా ఒక రాతి ఇల్లు. అందులో ఒక ముసలమ్మ ఒక్కతే ఉండేది. పేరు లెమ్లెం. అందరూ అదేయ్ అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అది అమ్మా అని పిలుపు. మోకాళ్ళు పట్టేసి గడప దాకానే నడిచేది. ఊరివాళ్ళు బిందెలు నింపుకునేలోపు ఆమె కాఫీ గింజలు పెనం మీద వేయించి, దంచి, మట్టి కూజాలో కాచేది. పక్కన మక్క పేలాలు. కాఫీ ఒక్క గిన్నెతో అయిపోదు, మూడుసార్లు పోస్తారు. మూడో గిన్నె పేరు బరకా, అంటే దీవెన. అది తాగకుండా లేస్తే దీవెన వదిలేసి పోయినట్టే. నేను మూడూ తాగేవాణ్ణి. పుల్లటి అట్టు మీద శనగపిండి కూర వేసి పెట్టేది. ఆ కూర మన పిట్లకు సొంత చెల్లెలు. కారం కూడా మన కారమే. కళ్ళు తుడుచుకుంటూ తింటుంటే ఆమె సంతోషపడేది.

ఇక నా తప్పు ఇక్కడ మొదలైంది.

మనం ఎవరింటి నుంచి లేచినా పోతా అనం కదా. వస్తా అంటాం. ఒక ఇంట్లో తిని తాగి ఊరికే లేచిపోవడం నాకు చేతకాలేదు. రెండో వారమే దుబాసీని అడిగాను, మీ భాషలో వస్తాను అని ఎలా అంటారని. ఆయన చెప్పాడు. నా చెవికి అది కిమెస్సే ఇయ్యె అని వినిపించింది. అప్పటి నుంచి మూడో గిన్నె కింద పెట్టి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, కిమెస్సే ఇయ్యె అదేయ్, అనేవాణ్ణి. ఆమె తల ఊపేది. మళ్ళీ శుక్రవారం నేను వచ్చేవాణ్ణి. మళ్ళీ మంగళవారం వచ్చేవాణ్ణి. నా మాట ఒక్కసారి కూడా తప్పలేదు. నీళ్ళ బండికి వారానికి రెండు రోజుల డ్యూటీ పడింది మరి. కానీ ఆమె లెక్కలో అది బండి గొప్పతనం కాదు, నా మాట గొప్పతనం.

నాలుగు నెలలు అలా గడిచాయి. వానలు వెనకపట్టాయి. గుట్టల నిండా పసుపు పూలు లేచాయి, అచ్చం తంగేడు పూసినట్టు. అలాంటి ఒక మంగళవారం ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. దుబాసీ ఆరోజు మా కంపెనీ కమాండరు మేజర్ సాబ్‌తో వేరే పోస్టుకు వెళ్ళాడు. ఆమె దక్షిణం వైపు గుట్ట చూపించింది. చేతులతో ఉయ్యాల ఊపినట్టు చేసింది. బండి తలుపు మీద తట్టింది. నీళ్ళు పోసినందుకు నా పిల్లల్ని దీవిస్తోంది కాబోలు అనుకున్నాను. గుండె మీద చెయ్యి పెట్టి, కిమెస్సే ఇయ్యె, అని పది గంటల ఐదు నిమిషాలకు బయల్దేరాను.

శుక్రవారం దుబాసీ నాతో వచ్చాడు. ఊళ్ళో పండగలా ఉంది. అదేయ్ జుట్టుకు వెన్న రాసుకుని, కొత్త తెల్ల బట్ట కప్పుకుని కూర్చుంది. ఒడిలో చేతితో కుట్టిన చిన్న గౌను ఉంది. ఆడవాళ్ళు నన్ను చూసి నాలుక ఆడిస్తూ లులులు అని కూత వేశారు. నాకేమీ అర్థం కాలేదు. దుబాసీ ఆమెతో రెండు మాటలు మాట్లాడాడు. ఆయన ముఖం మారింది.

“భాయీ, మంగళవారం నువ్వు ఈమెకు ఏం చెప్పావు?”

“రోజూ చెప్పేదే. వస్తాను అన్నాను.”

“ఈమె ఏం అడిగిందో తెలుసా?”

ఆమె కూతురు యుద్ధానికి ముందే సరిహద్దు గీతకు అవతల, ఇథియోపియా వైపు ఊరికి కోడలుగా వెళ్ళింది. మూడున్నరేళ్ళుగా తల్లీ కూతుళ్ళు కలవలేదు. ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. ఎనభై రోజులు నిండాయి, చర్చిలో పేరు పెట్టారు. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, కూతురు పాపను ఎత్తుకుని గీత దాకా నడిచి వస్తుంది. నన్ను బండిలో అక్కడికి తీసుకెళ్తావా బిడ్డా అని అదేయ్ అడిగింది. వస్తాను అన్నాను నేను.

ఆ మాట నమ్మి ఆమె మేకల కాపరితో కబురు పంపేసింది. మేకలకు సరిహద్దు తెలియదు కాబట్టి కాపరులే అక్కడ టపా. మళ్ళీ కబురు పంపి ఆపుదామంటే కాపరులు పై మేతకు వెళ్ళిపోయారు. కూతురు ఒకటిన్నర రోజు నడవాలి, మూడు నెలల పాపతో. గీత దగ్గర నిలబడి చూస్తుంది. ఇటు నుంచి ఎవరూ రారు. అదేయ్‌ని బండి ఎక్కిస్తే నా మీద చార్జి. ఎక్కించకపోతే ఆ పిల్ల ఎండలో నిలబడి వెనక్కి పోవాలి.

“మరి రోజూ ఎందుకన్నావు వస్తానని?” అన్నాడు దుబాసీ.

మా అమ్మ సంగతి చెప్పాను. మొదటిసారి సెలవు అయిపోయి మేడ్చల్ బస్టాండులో బస్సెక్కుతూ, పోతున్నమ్మా, అన్నాను. అమ్మ బస్సు ముందుకు వచ్చి నిలబడింది. “గా మాట మల్ల అను. వస్త అను. అనేదాక బస్సు కదలది,” అంది. డ్రైవరు హారన్ కొట్టాడు. అమ్మ అతని వైపు కూడా తిరిగింది. “నువ్వు గూడ మీ అమ్మకు పోత అనే సెప్పొచ్చినవా?” అంది. బస్సంతా నవ్వింది. నేను, వస్త అమ్మ, అని అరిచాకే అమ్మ పక్కకు జరిగింది.

దుబాసీ ట్యాంకరు మెట్టు మీద కూలబడ్డాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “భాయీ, నువ్వు చేసింది ఉచాలి ఒప్పందం,” అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఆ సంగతి. రేవు చేజిక్కించుకున్న ఇటలీ వాళ్ళు అక్కడ ఆగలేదు, కొండలెక్కారు. 1889లో ఉచాలి అనే చోట ఇథియోపియా కొత్త రాజుతో ఒప్పందం రాసుకున్నారు. రెండు భాషల్లో రెండు ప్రతులు. రాజు భాషలో, బయటి దేశాలతో వ్యవహారాలకు ఇటలీ సాయం తీసుకోవచ్చు, అని ఉంది. ఇటలీ భాషలో, ఇటలీ ద్వారానే జరపాలి, అన్నట్టు ఉంది. రాజుకు ఇది తెలియదు. ఇంగ్లండు రాణికీ జర్మనీ చక్రవర్తికీ సొంతంగా ఉత్తరాలు రాశాడు. మీ మాటలు ఇటలీ ద్వారా పంపండి, అని జవాబులు వచ్చాయి. అప్పుడు ప్రతులు రెండూ పక్కపక్కన పెట్టి చదివించాడు. ఆ ఒక్క మాట మీద ఒప్పందం చెల్లదన్నాడు. యుద్ధం జరిగింది, ఇటలీ ఓడింది. కానీ ఈ తీరం మాత్రం ఇటలీ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత గీతలు గీసుకున్నారు, ఏ వాగు ఎవరిదో కాగితాల మీద రాసుకున్నారు. ఆ కాగితాల్లో రాసిన వాగులు ఏవో తెలియకే ఇప్పటి యుద్ధం కూడా.

“ఒక్క మాటకా?” అన్నాను.

“తీసుకోవచ్చు, తీసుకోవాలి. మీ భాషలో ఈ రెంటికీ ఎంత తేడా?”

ఆలోచించాను. వచ్చు, వాలె. ఒక్క అక్షరంలో ఇమిడిపోయే తేడా. నాదైతే అంత తేడా కూడా కాదు. మాట ఒక్కటే, అర్థాలు రెండు.

*

మధ్యాహ్నం పన్నెండున్నరకు మేజర్ సాబ్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డాను. దుబాసీ మొత్తం చెప్పాడు. మేజర్ సాబ్ చేతిలోని పెన్ను కింద పెట్టారు.

“డ్రైవర్ సాబ్, మీరు ఏ దేశం తరఫున సంతకం పెట్టారు?”

“పెట్టలేదు సాబ్. నోటితో అన్నాను.”

“అది ఇంకా ప్రమాదం.” పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. “పాపకు ఎన్ని నెలలు?”

“మూడు సాబ్.”

ఆయనకూ ఇంటి దగ్గర కూతురుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. రెండు సైన్యాల కెప్టెన్లనూ పిలిపించమన్నారు.

గీత దగ్గర గుడారం వేశాం. ఇవతలి కెప్టెన్ పొట్టిగా, చురుగ్గా ఉండేవాడు. అవతలి కెప్టెన్ పొడుగు, నిదానం. శనివారం, సోమవారం, బుధవారం, శుక్రవారం, నాలుగుసార్లు కూర్చున్నారు. ముసలమ్మ తన మనవరాలిని చూడటం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఎక్కడ కూర్చుని చూడాలన్నదే పంచాయితీ. ఆ చోట రెండు ఎండు వాగులున్నాయి, మధ్యలో నాలుగు వందల అడుగుల నేల. పాత కాగితంలో రాసిన వాగు ఇదని ఒకరు, అదని ఒకరు. ఈ వాగు దగ్గర కుర్చీ వేస్తే, చూశారా ఇది సరిహద్దని మీరే ఒప్పుకున్నారు, అని రేపు సరిహద్దు తేల్చే కోర్టులో అంటారని అవతలాయన భయం. ఆ వాగు దగ్గర వేస్తే ఇవతలాయనకు అదే భయం. మధ్యలో వేద్దామంటే ఇద్దరికీ భయం. బుధవారం మూడు గంటలు మాట్లాడి, కుర్చీ అన్న మాట బదులు ఆసనం అని రాయాలని మాత్రం తేల్చారు.

శుక్రవారం వాళ్ళకు తాగే నీళ్ళు తీసుకెళ్ళాను. రేడియోవాడు గుడారం బయట కూర్చుని క్యాంపుతో మాట్లాడుతున్నాడు.

“కంట్రోల్, ఇంగా తెగలె. ఓవర్.”

“తిన్నరా? ఓవర్,” అంది కంట్రోల్. అవతల కూర్చున్నది మన వైపు వాడే.

“తిండి తెగింది, భూమి తెగలె. ఓవర్.”

నేను లోపల గ్లాసులు నింపుతూ విన్నాను. విని ఊరుకోలేకపోయాను.

“సాబ్, చెప్పవచ్చా?”

మేజర్ సాబ్ తల ఊపారు.

మా ఊళ్ళో గట్టు పంచాయితీ ఎలా జరుగుతుందో చెప్పాను. అన్నదమ్ములకు పొలం గట్టు దగ్గర తగువైతే పెద్దమనుషులు నేల మీద కూర్చోరు. కూర్చుంటే ఎవరో ఒకరి భూమిలో కూర్చున్నట్టు. ఎడ్లబండి తెచ్చి గట్టు మీద నిలబెట్టి దాని మీద కూర్చుంటారు. మా నాయిన బండి అలా చాలా గట్ల మీద నిలబడింది. ఒకసారి తీర్పు తేలేలోపు ఎడ్లు రెండు వైపులా పొలం మేశాయి. అదొక్కటే రెండు పక్షాలకూ సమంగా జరిగిన న్యాయమని నాయిన చెప్పేవాడు.

“నా బండి తెల్లది సాబ్. ఏ దేశానిదీ కాదు. మధ్యలో నిలబెడతాను. తల్లీకూతుళ్ళు దాని మెట్టు మీద కూర్చుంటారు.”

దుబాసీ రెండు భాషల్లో చెప్పాడు. ఇవతలాయన అడిగాడు, “టైర్లు నేలకు తగులుతాయి కదా?”

“టైర్లలో ఉన్నది గాలి,” అన్నాడు దుబాసీ. “గాలి మీద ఇంకా ఎవరూ ఒప్పందం రాయలేదు.”

అవతలాయన ముందు నవ్వాడు.

కాగితం రాశారు. రెండు భాషల్లో రెండు ప్రతులు. దుబాసీ చదివి వినిపించాడు. ఒకచోట ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. రెండు ప్రతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఇవతలి ప్రతిలో, గంట తర్వాత తిరిగి వెళ్ళాలి, అని ఉంది. అవతలి ప్రతిలో, గంట తర్వాత తిరిగి వెళ్ళవచ్చు, అని ఉంది. రాసేవాడి చెయ్యి జారింది.

ఆ రెండు దేశాల్లోనూ ఉచాలి సంగతి తెలియని పిల్లవాడు లేడట. ముందు పొట్టి కెప్టెన్ భుజాలు కదిలాయి. తర్వాత పొడుగాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ బల్ల మీదికి వంగి నవ్వారు. మేజర్ సాబ్‌కు సంగతి తెలియదు. దుబాసీ చెబితే ఆయనా నవ్వారు.

“దిద్దమంటారా?” అని దుబాసీ అడిగాడు.

ఇద్దరు కెప్టెన్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ దిద్దమనలేదు. రెండు ప్రతుల మీదా సంతకాలు పెట్టారు.

*

ఆదివారం పదిన్నరకు, మేజర్ సాబ్ అనుమతితో, అదేయ్‌ని నేనూ రేడియోవాడూ చేతులు కలిపి కుర్చీలా చేసి ఎత్తి బండిలో కూర్చోబెట్టాం. ఒడిలో రొట్టెల బుట్ట, గౌను, కాఫీ కూజా. దారంతా తెల్ల రాళ్ళు లెక్కపెట్టింది. పదకొండు నలభైకి రెండు వాగుల మధ్య బండి ఆపాను. సరిగ్గా నడిమధ్యన ఆపానో లేదో కెప్టెన్లిద్దరూ చెరోవైపు నుంచి అడుగులు వేసి చూశారు. ఒక అడుగు వెనక్కి తీయమన్నారు. తీశాను.

పన్నెండూ ఐదుకు గుట్ట మీద ఒక మనిషి కనిపించింది. వీపున పాపను కట్టుకుని, రాళ్ళ మధ్య మెల్లగా దిగుతోంది. అదేయ్ లేవబోయింది, మోకాళ్ళు లేవనివ్వలేదు. మెట్టు మీదే కూర్చుని చేతులు చాపింది.

ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కూతురు వచ్చి కూర్చున్న నిమిషానికి తల్లి గొంతు పెద్దదైంది, కూతురు గొంతు ఇంకా పెద్దదైంది.

“ఏమంటోంది?” అని దుబాసీని అడిగాను.

“ఇంత ఎండలో పాపను ఎందుకు తెచ్చావంటోంది. నువ్వే కదా రమ్మన్నావంటోంది కూతురు. తలకు బట్ట కట్టాలని తెలియదా అంటోంది. నాకు నేర్పింది నువ్వే కదా అంటోంది.”

రేడియోలో కంట్రోల్ పిలిచింది. “ఏం నడుస్తాంది? ఓవర్.”

“తల్లీ బిడ్డెల లొల్లి షురువైంది. ఓవర్.”

“సీరియసా? ఓవర్.”

“మస్తు సీరియస్. మూడున్నరేండ్ల బాకీ లొల్లి. మనం నడుమల పోవద్దు. ఓవర్.”

లొల్లి అయ్యాక కాఫీ కాచారు. మొదటి గిన్నె, రెండో గిన్నె. గంట దాటింది. పొట్టి కెప్టెన్ వాచీ చూసుకుని తన ప్రతి తీశాడు, వెళ్ళాలి అన్న మాట చూపించాడు. పొడుగాయన తన ప్రతి తీసి వెళ్ళవచ్చు అన్న మాట చూపించాడు. మేజర్ సాబ్, రెండూ నిజమే, అన్నారు. పొట్టాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదేయ్ ఆయనకు కూడా మూడో గిన్నె పోసింది. కలయిక మూడు గంటల ఇరవై నిమిషాలు సాగింది.

నాకు శిక్ష పడింది. నాలుగో ఆర్డరు సంగతి ముందే మాట్లాడకుండా మాట ఇచ్చినందుకు పది రోజులు క్యాంపు మరుగుదొడ్లకు నీళ్ళు మోయడం. రేడియోవాడు రోజూ వచ్చి నిలబడి, వస్తవానే అన్నా, అని అడిగి పోయేవాడు.

*

ఏడాది నిండింది. చివరి శుక్రవారం అడి సగ్లలో మూడు గిన్నెలు తాగాను. ఈసారి దుబాసీని వెంట తీసుకెళ్ళాను. నేను మళ్ళీ రానని, మా ఇంటికి వెళ్తున్నానని ముందే చెప్పించాను. అదేయ్ తల ఊపింది. తర్వాత ఏదో అడిగింది.

“ఆ మాట మీ భాషలో ఎలా ఉంటుందో అనమంటోంది,” అన్నాడు దుబాసీ. “నిజం కాకపోయినా ఫర్వాలేదట.”

“వస్త, అదేయ్,” అన్నాను.

హైదరాబాదులో రైలు దిగి, మేడ్చల్ దాకా బస్సు, అక్కడి నుంచి అత్వెల్లికి ఆటో. సాయంత్రం నాలుగూ నలభై. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి, “ఆలస్యమైందేంది?” అంది, నేను మేడ్చల్ సంతకు పోయి వచ్చినట్టు. సైన్యం నుంచి రిటైరయ్యాక మళ్ళీ ట్యాంకరే పట్టాను. సుచిత్ర చౌరస్తా వైపు అపార్ట్‌మెంట్లకు నీళ్ళు. ఫోన్లో ఆడవాళ్ళు, ఎప్పుడొస్తవన్నా, అని అడిగితే గంటా నిమిషమూ చెబుతాను, వస్తా అని మాత్రం అనను. రేడియోవాడు శామీర్‌పేటలో ప్లాట్లు అమ్ముతున్నాడు. హద్దు తగువుంటే నన్ను బండితో సహా పిలుస్తాడు. ఆ సరిహద్దు మాత్రం మేము వచ్చేశాక కూడా ఒక కొలిక్కి రాలేదు.

ఎండాకాలం ట్యాంకరు నింపుతూ కూర్చుంటే ఒక్క సంగతి కళ్ళ ముందుకు వస్తుంది. ఆ ఆదివారం, గంట దాటిన తర్వాత. ఎండ నడినెత్తిన ఉంది. బండికి ఏ వైపూ నీడ లేదు. అదేయ్ మెట్టు మీద తన తెల్ల బట్ట పరిచి పాపను పడుకోబెట్టింది. పాప ముఖం మీద ఎండ పడి, కళ్ళు చికిలించి, ఏడుపు మొదలుపెట్టింది. పొట్టి కెప్టెన్ ఎవరూ చెప్పకుండానే వచ్చి, టోపీ తీసి, పాప తల మీద పట్టాడు. కాళ్ళు ఎండలోనే ఉన్నాయి. పొడుగాయన రెండో వైపు నుంచి వచ్చి తన టోపీ పట్టాడు. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకున్నారు, టోపీ దించలేదు. రెండు నీడలూ అంచులు ఆనుకుని ఒక్క నీడ అయ్యాయి. పాప చేతులు చాపుకుని, నోరు కొంచెం తెరిచి, దాంట్లో నిద్రపోయింది.